ఇన్‌ఛార్జి స్నేహితుడు

మా దూరవిద్యా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు ఒకరికొకరు దూరంగా ఉన్నారన్న సంగతి పైవాళ్లకు చాలా ఆలస్యంగా తెలిసింది. పేరులోనే ఉంది కదా అని మేమెవ్వరమూ ప్రత్యేకంగా చెప్పలేదు.

తెలిసిన తీరు ఇది. ఆన్‌లైన్ క్లాసుల్లో చేరినవాళ్లలో సగానికి సగం మంది మధ్యలోనే మానేస్తున్నారు. ఎందుకు మానేస్తున్నారో తేల్చమని ఒక సంఘాన్ని వేశారు. పాఠాలు బాగాలేవేమో అన్న అనుమానాన్ని సంఘం మొదటి సమావేశంలోనే కొట్టిపారేసింది. ఆ పాఠాలు రాసింది సంఘంలో ఉన్నవాళ్లే మరి. పరీక్షలు కష్టంగా ఉన్నాయేమో అన్నదాన్నీ అలాగే పక్కన పెట్టారు. ఇక మిగిలింది ఒక్కటే కారణం, కబుర్లు లేకపోవడం. మామూలు కాలేజీలో వరండా ఉంటుంది, క్యాంటీన్ ఉంటుంది, చివరి బెంచీ ఉంటుంది. అక్కడ పిల్లలు కబుర్లలో పడి చదువు మానెయ్యడం మరిచిపోతారు. ఆన్‌లైన్ క్లాసులో ఇవేవీ లేవు.

మా డైరెక్టరు పుండరీకాక్షయ్య గారు ఆ నివేదిక చదివి, అధ్యాపకులందరినీ తెర మీదికి పిలిచి ఇలా సెలవిచ్చారు.

"విద్యార్థుల మధ్య అనధికారిక బాంధవ్యములు కొరవడినట్లు మా దృష్టికి వచ్చియున్నది. కావున సదరు బాంధవ్యములను ఈ సోమవారం నుంచి యుద్ధప్రాతిపదికన ఏర్పాటు చేయవలసిందిగా ఆదేశించడమైనది. ఎక్కడ ఏ విద్యార్థి ఒంటరిగా కనబడినా సంబంధిత అధ్యాపకుడే బాధ్యత వహించవలసి ఉంటుంది."

ఆయన ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడతారని చెప్పుకుంటారు. కాఫీ కావాలంటే, కాఫీ ఇప్పించవలసిందిగా కోరడమైనది అంటారట. నిజమో కాదో నాకు తెలియదు. వాళ్లావిడ గొంతు నేను విన్నది చాలా తర్వాత, అదీ ఒకే ఒక్కసారి. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

నేను స్టాటిస్టిక్స్ చెబుతాను. సాయంత్రం ఏడింటికి నా క్లాసు. పగలంతా ఎవరి ఉద్యోగాలు వాళ్లు చేసుకుని, డిగ్రీ కోసం రాత్రిపూట కళ్లు నులుముకుంటూ కూర్చునేవాళ్లే నా విద్యార్థులంతా. కోనసీమలో అంగన్‌వాడీ టీచరు గంగాభవాని, జగిత్యాల దగ్గర బస్సు డిపోలో మెకానిక్కు రాజమల్లు, మదనపల్లె టమాటా మార్కెట్లో గుమాస్తా ఖాదర్ బాషా, ఇంకా అలాంటివాళ్లు. ఈ ముగ్గురి పేర్లు చాలు, మిగతావాళ్లు ఎప్పుడూ కెమెరా ఆపుకునే కూర్చుంటారు.

గంగాభవానికి డిగ్రీలో మిగిలింది నా పేపరు ఒక్కటే. అది ఈ ఏడు గట్టెక్కితే సూపర్‌వైజరు పోస్టుకు పెట్టుకోవచ్చు. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. పిల్లలకు గుడ్లు ఉడకబెట్టి, కథలు చెప్పి, నిద్రపుచ్చి, వాళ్ల అమ్మలు వచ్చేదాకా కూర్చుని, ఇంటికొచ్చి తన పిల్లలకు అదే పని మళ్లీ చేసి, అప్పుడు నా క్లాసుకు వస్తుందామె. అలాంటి మనిషికి నా పాఠం ఒక్క ముక్క అర్థం కాదు. ఈ సంగతి ఆమె నాతో ఎన్నడూ అనలేదు. "అర్థమైందా?" అని అడిగితే "అర్థమైందండి" అనేది, నేను ఎక్కడ నొచ్చుకుంటానో అని.

మరి నాకెలా తెలిసిందంటారా? అది చెప్పాలంటే మా మున్సిపాలిటీ కుళాయి గురించి చెప్పాలి.

మా ఊళ్లో మంచినీళ్లు సాయంత్రం ఏడింటికి వస్తాయి. ఓ పావుగంట వచ్చి ఆగిపోతాయి. క్లాసూ ఏడింటికే. మా ఆవిడకు నడుం నొప్పి. అందుకని నేను ఏడింటికి క్లాసు లింకు తెరిచి, "ఇప్పుడే వస్తా" అని, బకెట్ పట్టుకుని బయటికి పోయేవాణ్ణి. కుళాయి, దాని పక్కన నీళ్ల డ్రమ్ము సరిగ్గా కిటికీ అవతల ఉంటాయి. నేను వెళ్లింది నీళ్లకే గానీ వినడానికి కాదు. కానీ కిటికీకి రెక్కలున్నాయి, అవి మూసేసి వచ్చే ఓపిక నాకు లేదు.

ఆ పావుగంటే నా విద్యార్థులకు వరండా, క్యాంటీన్, చివరి బెంచీ అన్నీనూ. మొదటిసారి విన్నది నాకింకా గుర్తుంది.

"ఏవండీ, సారు నీళ్లకెళ్లారు కదా, ఓ మాటడగనా? నిన్నటి పాఠం మీకెవరికైనా బుర్రకెక్కిందాండీ?" అంది గంగాభవాని. "నాకైతే మానేద్దావనిపిస్తందండి. నేనొక్కదాన్నే మొద్దుని, మీరంతా తలకాయలూపేత్తన్నారు."

రాజమల్లు మైకు ఆన్ చేసుకున్నాడు.

"నాకేం సమజ్ కాలే అక్కా" అన్నాడు రాజమల్లు. "సార్ ఫీలైతడని ఊపుతున్న."

"నాకూ అంతే క్కా. సారు ఏమన్నా అడిగితే నెట్టు పోయిందని చెప్తా ఉండా" అన్నాడు ఖాదర్ బాషా.

కెమెరా ఆపుకున్న ఎవరో కూడా నవ్వారు. అంతే, ఆ రోజునుంచి గంగాభవాని మానెయ్యాలన్న మాట ఎత్తలేదు. క్లాసులో ఎవ్వరికీ ఏమీ అర్థం కావడం లేదన్న ఆనందం మీద మా సమాజం అలా నిర్మాణమైంది. అందులో నా పాత్ర చాలా ఉందని వేరే చెప్పక్కర్లేదు. ఆవాళ నాకు ఒళ్లు మండిన మాట నిజమే. కానీ ఆ తర్వాత వాళ్లు పుస్తకం తెరిచి, ఒకరికి తెలిసిన సగం ఇంకొకరికి తెలిసిన సగంతో అతికించుకుంటూ, నేను గంటలో చెప్పలేనిది పావుగంటలో తేల్చుకుంటుంటే మండటం తగ్గింది. నిండే డ్రమ్ము చప్పుడును బట్టి నేనెప్పుడు లోపలికి వస్తానో కూడా వాళ్లకు తెలిసిపోయేది. "డ్రమ్ము గొంతుదాకా వచ్చింది, ఇంక సర్దుకోండర్రా" అనేది గంగాభవాని.

ఇలా మా మానాన మేముండగా, విశ్వవిద్యాలయంలో 'అనధికారిక సమాజ నిర్మాణ విభాగం' వెలసింది. దానికి హైదరాబాదునుంచి తన్విక అనే కన్సల్టెంటు అమ్మాయి వచ్చింది. ఆమె మంచి అమ్మాయి. ఎవరిని చూసినా "సూపర్" అనేది.

విభాగం చేపట్టిన మొదటి పని, విద్యార్థులు వాళ్లంతట వాళ్లు పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులన్నీ మూయించడం. అవి అనుమతి లేని అనధికారిక సమాజాలట. అనధికారికంగా ఉండటానికి ముందస్తు అనుమతి తప్పనిసరి అని ఉత్తర్వులో ఉంది.

రెండో పని, ఆన్‌లైన్ క్యాంటీన్. ప్రతి శుక్రవారం విద్యార్థులంతా ఎవరి ఇంట్లో వాళ్లు టీ గ్లాసు పట్టుకుని తెర ముందు కూర్చోవాలి. టీ తాగనివాళ్లు ఖాళీ గ్లాసు పట్టుకుంటే చాలు. మాట్లాడదగిన విషయాలు మూడు: వాతావరణం, వంటలు, క్రికెట్టు. క్రికెట్టులో ఎవరు గెలిచారన్నది మాత్రం ప్రస్తావించకూడదు, గొడవలొస్తాయి. సినిమాలు హీరోల పేర్లు లేకుండా మాట్లాడుకోవచ్చు.

"గైస్, జస్ట్ చిల్!" అంది తన్విక మొదటి శుక్రవారం. "ఇది మీ స్పేస్. రోల్ నంబర్ ఆర్డర్‌లో ఒక్కొక్కరూ క్యాజువల్‌గా మాట్లాడండి. అందరూ మాట్లాడాక నేను అటెండెన్స్ క్లోజ్ చేస్తాను. భవాని గారూ, మీ దగ్గర వెదర్ ఎలా ఉంది?"

"ఉందండి" అంది గంగాభవాని.

"సూపర్! రాజమల్లు గారూ?"

"ఈడ గూడ ఉన్నది మేడం."

వాతావరణం అన్ని జిల్లాల్లోనూ ఉన్నట్టు నమోదు చేసుకుని క్యాంటీన్ మూసేశారు.

మూడో పని స్నేహం. స్నేహితులను ఎంచుకునే పని విద్యార్థులకు వదిలేస్తే పక్షపాతం చోటు చేసుకుంటుందని, రోల్ నంబర్ల ప్రకారం కేటాయించారు. ఒకటికి రెండు, మూడుకు నాలుగు, అలా. సత్రం భోజనాల్లో పక్కపక్కన కూర్చోబెట్టినట్టే. స్నేహితుడు నచ్చకపోతే డెప్యుటేషన్ మీద ఇంకొకరిని కోరవచ్చు గానీ, మొదట పాత స్నేహితుడి నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి.

మా క్లాసులో చివరి రోల్ నంబరు బేసి సంఖ్య. అది గంగాభవానిది. ఆమెకు జత లేకపోయింది. నేను డైరెక్టరు గారి దృష్టికి తీసుకెళ్లాను. చిన్న విషయం, రాజమల్లుతోనో ఖాదర్‌తోనో కలిపేస్తే సరిపోతుందన్నాను.

"ముగ్గురి మధ్య స్నేహమునకు నిబంధనలలో వీలు లేదు" అన్నారాయన. "అట్లని ఒక మహిళా అభ్యర్థిని స్నేహహీనురాలిగా వదిలివేయుట కూడా భావ్యం కాదు. ఖాళీ భర్తీ అయ్యేవరకు సదరు స్థానమునకు నేనే అదనపు బాధ్యతలు స్వీకరిస్తున్నాను."

అలా పుండరీకాక్షయ్య గారు గంగాభవానికి ఇన్‌ఛార్జి స్నేహితుడయ్యారు. ఉత్తర్వు ఆమెకు ఈమెయిల్లో వెళ్లింది.

మర్నాడు ఏడింటికి నేను కుళాయి దగ్గర ఉండగా, గంగాభవాని దాన్ని పైకి చదివి వినిపించింది. రాజమల్లు నవ్వలేక దగ్గు తెచ్చుకున్నాడు. "నీకేమి క్కా, పెద్ద ఫ్రెండు దొరికినాడు. మాకేమన్నా పనులుంటే చెప్పి చేయించు" అన్నాడు ఖాదర్.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. విభాగం నాలుగో పని చేసింది. విద్యార్థులు స్నేహాన్ని సీరియస్‌గా తీసుకోవడం లేదని, దాన్ని పరీక్షకు ముడిపెట్టింది. పరీక్షకు ముందు ప్రతి విద్యార్థీ తన స్నేహితుడి నుంచి స్నేహ ధ్రువీకరణ పత్రం సమర్పించాలి. అది లేకపోతే హాల్ టికెట్ రాదు.

మిగతావాళ్లంతా ఒకరికొకరు సంతకాలు చేసుకుని ఆ పూటే పంపేశారు. రోల్ నంబరు పద్ధతిలో తనకు పడిన స్నేహితుణ్ణి రాజమల్లు ఇంతవరకూ చూడనైనా లేదు, అయినా అతనితో ప్రాణస్నేహమని రాసిచ్చాడు. గంగాభవాని మాత్రం డైరెక్టరు గారికి దరఖాస్తు పెట్టుకుంది. జవాబు వచ్చింది: "తమతో స్నేహము పరిశీలనలో ఉన్నది."

మళ్లీ రాసింది. "ఇన్‌ఛార్జి స్నేహితులు సమావేశములలో తీరిక లేకుండా ఉన్నందున, స్నేహ విషయమై ఎట్టి ఉత్తర ప్రత్యుత్తరములు జరపరాదు" అని వచ్చింది.

ఆమె నాకు ఫోన్ చేసింది. "ఏవండీ మాస్టారూ, నేనేం తప్పు చేశానండీ? ఆయన్తో ఓ మాటైనా ఆడకుండా ఆయన ఫ్రెండునని ఎలా అనిపించుకోనండీ? మా ఆయన ఏమో, పరీక్షకి ఫ్రెండేంటే అనడుగుతున్నాడు. ఏం చెప్పనండీ?"

డైరెక్టరు ఆఫీసు చుట్టూ తిరిగాను. మీ విద్యార్థిని స్నేహంలో చొరవ చూపలేదేమో విచారించండని అక్కడి సూపరింటెండెంటు నాకే సలహా ఇచ్చాడు.

సరిగ్గా అప్పుడే మా నెత్తిన ఇంకో పిడుగు పడింది. విభాగం లెక్కలు తీస్తే, విశ్వవిద్యాలయం మొత్తంలో ఒక్కరు కూడా మానెయ్యని క్లాసు నాదేనని తేలింది. పైగా స్టాటిస్టిక్స్! ఇదెలా సాధ్యమని డైరెక్టరు గారు నిర్ఘాంతపోయి, తన్వికను విచారణకు పంపారు. ఆమె పాత క్లాసుల రికార్డింగులు తెరిచింది. ఏ రోజు చూసినా మొదటి పావుగంట ఖాళీ కుర్చీ, బయట నీళ్ల చప్పుడు, లోపల మనుషుల నవ్వులు.

నా ఉద్యోగం ఊడిందనుకున్నాను. సంజాయిషీ కూడా రాసి పెట్టుకున్నాను. కానీ డైరెక్టరు గారు నన్ను తెర మీదికి పిలిచి, చప్పట్లు కొట్టారు.

"తమరు ఏకంగా ఒక బోధనా పద్ధతినే కనుగొనియున్నారు. దీనికి కుళాయి పద్ధతి అని నామకరణం చేయడమైనది."

"అయ్యా, అది మా ఆవిడకు నడుం నొప్పి వల్ల..."

"వినయము వద్దు" అన్నారాయన.

వారంలోగా కుళాయి పద్ధతి అన్ని క్లాసులకూ వర్తింపజేశారు. ప్రతి అధ్యాపకుడూ క్లాసు లింకు తెరవగానే లేచి వెళ్లి నీళ్లు పట్టాలి. పట్టినట్టు నిండిన బకెట్ పక్కన నిలబడి ఫోటో దిగి పంపాలి. ఇంట్లో ఇరవై నాలుగు గంటలూ నీళ్లు వచ్చే అధ్యాపకులు ఈ పద్ధతికి అనర్హులు కాబట్టి, వాళ్లు తమ ట్యాంకులు మూయించుకుని మున్సిపల్ కనెక్షన్ తెచ్చుకోవాలి. అపార్ట్‌మెంటులో ఐదో అంతస్తులో ఉండే మా చరిత్ర అధ్యాపకుడు చిట్టిబాబు, క్లాసు పెట్టి రోజూ మెట్లు దిగి, వీధి పంపు దగ్గర ఆడవాళ్లతో తిట్లు తిని, బకెట్ మోసుకుంటూ పైకెక్కేసరికి క్లాసు టైము అయిపోయేది. ఆయన విద్యార్థులు చాలా సంతోషంగా ఉన్నారని సర్వేలో వచ్చింది.

డైరెక్టరు గారు కూడా అందరికీ ఆదర్శంగా ఉండాలని, మా ఊళ్లోనే ఉన్న తమ బంగళాలో ఓవర్‌హెడ్ ట్యాంకుకు తాళం వేయించి మున్సిపల్ కుళాయి పెట్టించుకున్నారు. నీళ్లు పట్టడానికి మనిషిని పెట్టుకోవడం పద్ధతికి విరుద్ధమని కూడా ఆయనే రాశారు.

ఇంతవరకూ అయితే మాకు బాధ లేదు. కానీ మేము లేని పావుగంటలో సమాజం నిజంగా నిర్మాణమవుతోందో లేదో ఎవరు చూడాలి? దానికి ప్రతి క్లాసుకూ ఒక పరిశీలకుణ్ణి వేశారు. మా క్లాసుకు తన్విక వచ్చింది. నేను బకెట్ పట్టుకుని బయటికి వెళ్లడం, ఆమె కెమెరా ఆన్ చేసి "హాయ్ గైస్, నన్ను పట్టించుకోకండి" అనడం, కిటికీలోంచి నాకు నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించకపోవడం.

రెండో రోజూ అంతే. వారమంతా అంతే. ఖాదర్‌కు నెట్టు పోతూనే ఉంది. ఒక రోజు తన్విక, పాపం, తన వంతు ప్రయత్నంగా ఏదో ఆట ఆడిద్దామని చూసింది. అందరూ తమకిష్టమైన జంతువు పేరు చెప్పాలి. వరసబెట్టి అందరూ ఆవు అన్నారు.

పరిశీలకురాలి వల్లే మాట్లాడటం లేదేమో అని నేను నివేదిక పంపాను. ఆ నివేదికను సానుభూతితో పరిశీలించి, పరిశీలకురాలు సరిగా పరిశీలిస్తోందో లేదో చూడటానికి ఇంకో సీనియర్ పరిశీలకుణ్ణి వేశారు.

పరీక్షలు దగ్గరపడ్డాయి. సహసంబంధం పాఠం మొదలెట్టాను. ఒకటి మారితే దాంతోపాటు ఇంకొకటి ఎలా మారుతుందో లెక్కగట్టే పాఠం అది. నాకు చాలా ఇష్టమైనది, విద్యార్థులకు అస్సలు ఇష్టం లేనిది. "అర్థమైందా?" అన్నాను. "అర్థమైందండి" అంది గంగాభవాని. ఆమె గొంతులో ఏమీ లేదు.

ఆ రాత్రి ఆమె ఫోన్ చేసింది. "మాస్టారూ, మీ దగ్గర దాచడమెందుకండీ? ఈ పాఠం నాకు ముక్క రాలేదు. ఇదివరకైతే క్లాసులో మనోళ్లని అడిగేదాన్ని. ఇప్పుడు ఆ మేడమూ, ఆయనా చూస్తా కూర్చుంటే నోరు పెగలట్లేదండి. హాల్ టికెట్టు ఎలాగూ లేదు. మానేత్తానండి, ఏవనుకోకండి."

ఇంత పెద్ద విశ్వవిద్యాలయం, ఇందరం జీతాలు తీసుకునేవాళ్లం, ఒక మనిషి చక్కగా చదువుకుంటుంటే చేతులు కట్టేసి, మీకు స్నేహం చేయడం నేర్పుతామన్నాం. నాకు సిగ్గేసింది. పట్టరాని కోపమూ వచ్చింది. అయినా నేను చేసిందల్లా ఒక్కటే, ఎలాగైనా రేపొక్కరోజు రమ్మని బతిమాలాను. రేపు డైరెక్టరు గారే క్లాసుకు వస్తున్నారు, కుళాయి పద్ధతిని స్వయంగా చూసి ముద్ర వేస్తారట. ఆయనతో ఒక్క మాట మాట్లాడితే పత్రం అక్కడే అడగొచ్చని ఆశ.

"వత్తానండి, మీ కోసం" అంది.

మర్నాడు ఏడైంది. లింకు తెరిచి, ఉత్తర్వు ప్రకారం బకెట్ పట్టుకుని బయటికి నడిచాను. పరిశీలకులిద్దరినీ డైరెక్టరు గారు పంపించేశారు. తాను ఒక్కరే ఉంటే విద్యార్థులు స్వేచ్ఛగా ఉంటారని ఆయన ఉద్దేశం. కిటికీలోంచి తెర కనబడుతోంది. ఆయన కోటు వేసుకుని, టై కట్టుకుని కూర్చున్నారు.

"విద్యార్థులారా, నేను ఇక్కడ లేనట్లు భావించవలసిందిగా ఆదేశిస్తున్నాను. ఎట్టి సంకోచమూ లేకుండా కబుర్లు ప్రారంభించవచ్చును."

ఎవరూ కదల్లేదు.

"భావించినాం సార్" అన్నాడు కాసేపటికి ఖాదర్ బాషా.

"సంతోషము. ఇక కానివ్వండి."

ఆయన చేతి గడియారం చూసుకున్నారు. నేను గంగాభవాని ముఖం చూశాను. ఏదో అడగబోయి ఆగిపోయింది. అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు వినిపించింది ఆ గొంతు, డైరెక్టరు గారి వెనకనుంచి, మా కుళాయి హోరును కూడా మించి.

"ఏవండోయ్! నీళ్లొచ్చాయి!"

ఆయన తల తిప్పకుండా, పెదవులు కదపకుండా, "సమావేశంలో ఉన్నాను" అన్నారు.

"రేపు పొద్దున్న సమావేశం తాగుతామా? లక్షణంగా ఉన్న ట్యాంకుకు తాళం వేసి ఈ కుళాయి పెట్టించింది ఎవరు? మీరు. పనిమనిషి పట్టకూడదన్నది ఎవరు? మీరు. లేవండి!"

పుండరీకాక్షయ్య గారు లేచారు. మైకు ఆపడం మరిచిపోయారు. తెర మీద ఖాళీ కుర్చీ మిగిలింది. వెనకనుంచి బకెట్ల చప్పుడు.

"అది కాదు! దానికి చిల్లుంది! ఆ డ్రమ్ము పెట్టండి!"

"ఏ డ్రమ్ము అన్నది స్పష్టపరచవలసి..."

"నీలం డ్రమ్ము! ఇంకా ఏం స్పష్టం కావాలి? అయ్యో, పైపు! పైపు పట్టుకోండి, పైపు!"

బుస్సుమని ఓ శబ్దం వచ్చింది. తర్వాత డైరెక్టరు గారు మామూలు మనుషుల భాషలో "అమ్మో!" అని అరవడం విశ్వవిద్యాలయ చరిత్రలో మొదటిసారి రికార్డయింది.

"అక్కా" అన్నాడు రాజమల్లు గంభీరంగా, "నీ దోస్తు పైపు ఊడగొట్టిండు."

గంగాభవాని పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. ఫక్కున నవ్వింది. ఇక అందరూ అందుకున్నారు. ఎన్నాళ్లనుంచో కెమెరాలు ఆపుకున్నవాళ్లు ఒక్కొక్కరే ఆన్ చేశారు, ఎవరు నవ్వుతున్నారో చూడటానికి. నేను బకెట్ పొంగిపోతున్నా కుళాయి కట్టలేదు.

"అది సరేగానీ, ఆయనొచ్చేలోపు చెప్పండర్రా" అంది గంగాభవాని కళ్లు తుడుచుకుంటూ. "ఆ సహసంబంధంలో మైనస్ ఎందుకొస్తదండీ? నాకు మింగుడు పడట్లేదు."

"మైనస్ వస్తాదా? నాకు ప్లస్సే వస్తా ఉంది క్కా" అన్నాడు ఖాదర్.

"నాకు ఏదీ వస్తలే" అన్నాడు రాజమల్లు. "పుస్తకంల ఏం రాసిండ్రంటే, ఒకటి పెరుగుతుంటే ఇంకోటి తగ్గుతదట. గట్లెట్లయితది?"

గంగాభవాని ఓ క్షణం తెరలోని ఖాళీ కుర్చీ వైపు చూసింది.

"ఉండండుండండి" అంది. "మొదట సారు లేరు, మనం బోల్డు మాటాడుకున్నాం. ఒక మేడం వచ్చింది, మాటలు తగ్గాయి. ఇంకో ఆయనొచ్చారు, అసల్లేవు. చూసేవోళ్లు పెరిగేకొద్దీ మాటలు తగ్గిపోయాయి కదండీ! అదేనేమో మైనస్సు!"

"అరె, గంతేనా!" అన్నాడు రాజమల్లు.

నేను కుళాయి దగ్గర నిలబడిపోయాను. బకెట్ ఎప్పుడో పొంగి నా కాళ్ల కింద చెరువైంది.

అంతలో డైరెక్టరు గారు తిరిగొచ్చారు. కోటు నీళ్లోడుతోంది, టై మెడకు అంటుకుపోయింది, జుట్టంతా నుదుటి మీద పడి కళ్లజోడు మీదుగా కారుతోంది. ఒక్క దెబ్బతో అందరూ మూగబోయారు. ఆయన కుర్చీలో కూర్చుని, గొంతు సవరించుకుని ఏదో ఉత్తర్వు ఇవ్వబోతుంటే పెద్ద తుమ్ము వచ్చింది.

"సార్" అంది గంగాభవాని. తన ఇన్‌ఛార్జి స్నేహితుడితో ఆమె ఆడిన మొదటి మాట అది. పత్రం అడుగుతుందనుకున్నాను. "ముందు తల తుడుచుకోండి సార్. జలుబు చేస్తాది."

రోజంతా పిల్లలకు చెప్పే మాటే ఆయనకూ చెప్పిందంతే. ఆయన నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచారు. డమైనది, బడినది, వలసినది, ఏదీ రాలేదు.

"అలాగేనమ్మా" అన్నారు.

తుండు తెచ్చుకుని తల తుడుచుకున్నారు. తుడుచుకుంటూ, తుండు చాటునుంచి అడిగారు. "ఇందాక నీళ్ల చప్పుడులో సరిగా వినబడలేదు. ఏదో మైనస్ అంటున్నారు. చదువుకునే రోజుల్లో నాకూ అది అర్థం కాలేదు. ఇంకోసారి చెప్పమ్మా."

గంగాభవాని చెప్పింది. ఖాదర్ మధ్యలో అందుకున్నాడు. ఆ రోజు నేను లోపలికి వెళ్లనే లేదు.

సోమవారం ఉదయం గంగాభవానికి స్నేహ ధ్రువీకరణ పత్రం వచ్చింది, సంతకం, ముద్ర, తేదీతో సహా. మధ్యాహ్నానికి మాకందరికీ కొత్త ఉత్తర్వు వచ్చింది. అనధికారిక సమాజ నిర్మాణంలో కీలకమైన అంశము ఎట్టకేలకు గుర్తించబడినదని, ఇకపై పరిశీలకులందరూ విధిగా తడి తలతో క్లాసుకు హాజరు కావలెనని, వారిని చూసిన వెంటనే విద్యార్థులు తల తుడుచుకోమని చెప్పవలెనని, తుండ్లు విశ్వవిద్యాలయమే సరఫరా చేయునని.

పక్షం తిరక్కుండా పరిశీలకులంతా జలుబు పట్టి సెలవు పెట్టారు. తన్విక హైదరాబాదు వెళ్లిపోతూ నాకు ఫోన్ చేసి, తుమ్ముతూనే "సూపర్ సార్" అంది. ఆ విభాగం ఇప్పటికీ ఉంది. మనుషులే లేరు. అప్పటినుంచీ అది చాలా బాగా పనిచేస్తోంది.

గంగాభవాని పాసైంది. సూపర్‌వైజరు అయింది కూడా. రాజమల్లు, ఖాదర్ బాషా కూడా గట్టెక్కారు. వాళ్ల స్థానంలో కొత్తవాళ్లొచ్చారు, వాళ్లకీ నా పాఠం అర్థం కాదు.

మొన్న మా మున్సిపాలిటీ నీళ్ల వేళ మార్చింది. ఇప్పుడు తెల్లవారుజామున వస్తున్నాయి. సాయంత్రం కుళాయి తిప్పితే గాలి తప్ప ఏమీ రాదు. అయినా ఏడింటికి లింకు తెరిచి, "ఇప్పుడే వస్తా" అని బయటికి వెళుతున్నాను. నిండిన బకెట్ ఒకటి, ఖాళీ డ్రమ్ము ఒకటి పెట్టుకుని, చెంబుతో ఇందులోవి అందులో పోస్తాను. అయిపోయాక అందులోవి ఇందులో పోస్తాను. లోపలివాళ్లకు చప్పుడు వినబడాలి కదా.

నిన్న మా ఆవిడ నడుం పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, చాలాసేపు నన్నే చూసింది.

"ఏం చేస్తున్నారండీ?"

"మెల్లిగా మాట్లాడు" అన్నాను. "క్లాసు జరుగుతోంది."